‘ఇంక ఇంటికి తీసుకెళ్లండి’ అన్నారా? అసలు సేవ అక్కడి నుంచే మొదలు.. మంచాన పడ్డ పెద్దవాళ్ల గురించి నర్సింగ్ పరిశోధనలు ఏం చెబుతున్నాయంటే..

ఓడలరేవు: “ఇంక మా చేతుల్లో ఏం లేదు, ఇంటికి తీసుకెళ్లండి.” పెద్దాసుపత్రుల్లో తరచూ వినిపించే మాట ఇది. అమలాపురంలోనో కాకినాడలోనో ఆ మాట విని, పెద్దాయన్ని బండెక్కించుకుని అల్లవరం మండలం చివర సముద్రం ఒడ్డున ఉన్న ఓడలరేవుకి తీసుకొచ్చేశారనుకుందాం. ఆ తర్వాత ఏంటి? చికిత్స ఆగింది సరే.. నొప్పి ఆగదు, ఆయాసం ఆగదు. ఒళ్లు తుడవాలి, పక్కకి తిప్పాలి, ముద్ద తినిపించాలి. ఎలా చేయాలో చెప్పేవాళ్లే ఉండరు.

కోనసీమలో ఈ ప్రశ్న ఇంకాస్త బరువైంది. ఇక్కడి పల్లెల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఇంటిపనికి వెళ్లారు. అక్కడ కొందరి డ్యూటీయే ముసలివాళ్లని చూసుకోవడం. ఇక్కడ వాళ్ల కన్నతల్లిని చూసేది మాత్రం కోడలో, పక్కింటివాళ్లో, లేదంటే ఆమెకంటే వయసులో పెద్దయిన భర్తో!

జబ్బు తగ్గకపోయినా బాధ తగ్గించే ఈ వైద్యాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. దీనికి దారి వేసింది ఒక నర్సు. బ్రిటన్‌కి చెందిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాతే డాక్టర్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 5.68 కోట్ల మందికి ఈ సేవ అవసరం. అందుతున్నది దాదాపు 14 శాతం మందికే.

ఇంట్లో వాళ్లని ఎక్కువ ఏడిపించేది పడక పుండ్లు. నడుం కింద, తుంటి దగ్గర, మడమల మీద ఒకేచోట బరువు పడి రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. ఎవరికి ఈ ప్రమాదం ఎక్కువో ముందే లెక్కగట్టే పద్ధతిని అమెరికాకి చెందిన బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సింగ్ పరిశోధకులు తయారుచేశారు. స్పర్శ తెలుస్తోందా, ఒళ్లు తడిగా ఉంటోందా, కదులుతున్నారా, తింటున్నారా.. ఇలాంటి ఆరు విషయాలు చూసి మార్కులు వేస్తారు. 1980లలో వచ్చిన ఈ బ్రేడెన్ స్కేల్‌ని ప్రపంచవ్యాప్తంగా ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని నర్సులు చెబుతారు కదా. ఇదే బెర్గ్‌స్ట్రామ్ బృందం అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో 942 మందిపై దీన్ని పరీక్షించి 2013లో ఫలితాలు వెల్లడించింది. మంచి ఫోమ్ పరుపు మీద ఉన్నవాళ్లని రెండు గంటలకి తిప్పినా, మూడింటికి తిప్పినా, నాలుగింటికి తిప్పినా పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రాత్రంతా మేలుకునే కోడలికి ఇది చిన్న సంగతేం కాదు. అయితే ఒక మెలిక ఉంది. అది ఫోమ్ పరుపు లెక్క. నులక మంచం మీద పాత బొంతకి ఇది వర్తించదు. అలాంటిచోట రెండు గంటల మాటే మేలు.

చర్మం ఎర్రబడితే స్పిరిట్‌తో గట్టిగా రుద్దడం చాలా ఇళ్లల్లో అలవాటు. అది తప్పు! రుద్దితే లోపల దెబ్బతిన్న కండ ఇంకా దెబ్బతింటుంది. మన ఛాయలో ఎరుపు కనిపించకపోవచ్చు కాబట్టి చేత్తో తాకి చూడాలి. చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగానో, గట్టిగానో తగిలితే పుండు మొదలైనట్టే అనుకోవాలి. ఆ వైపు పడుకోబెట్టొద్దు.

ఇక నొప్పి. మార్ఫిన్ అనగానే “ప్రాణం తీసే మందు”, “మత్తుకి బానిసైపోతారు” అని భయపడతారు. డాక్టర్ చెప్పిన మోతాదులో, టైం ప్రకారం ఇస్తే ఈ రెండు భయాలూ అక్కర్లేదు. దాదాపు అందరికీ వచ్చే ఇబ్బంది మలబద్ధకం. దానికి మందు కూడా మొదటి రోజు నుంచే అడిగి తీసుకోవాలి. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం చాలా కష్టమయ్యేది. 2014 సవరణతో ఆ నిబంధనలు సడలాయి.

ఆయాసానికి ఒక చిత్రమైన సాక్ష్యం ఉంది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో 2010లో వచ్చిన అధ్యయనంలో, చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ గాలిని ముఖానికి తగిలేలా ఐదు నిమిషాలు పెడితే ఆయాసం తగ్గినట్టు రోగులు చెప్పారు. అదే గాలి కాలికి పెడితే అంత తేడా లేదు. మన తాటాకు విసనకర్రకి ఎవరూ పరీక్ష పెట్టలేదు గానీ, చేసే పని అదే.

తిండి దగ్గరే ఎక్కువ గొడవ. “తినకపోతే ఎలా?” అని బలవంతంగా కుక్కుతారు. చివరి రోజుల్లో శరీరానికి ఆకలి తగ్గడం సహజం. తినకపోవడం వల్ల పోతున్నారని కాదు, పోయే దశ వచ్చింది కాబట్టే తినడం మానేస్తారు. స్పృహ సరిగా లేని మనిషికి చెంచాడు నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. తులసి తీర్థం ఇవ్వాలనుకుంటే తడి దూదితో పెదాలు, నాలుక తడిపితే చాలు. నోరు ఎండిపోకుండా గంటకోసారి ఇలా తడపమని నర్సులు ఎలాగూ చెబుతారు.

ఈ సేవ అంటే ఆశ వదులుకోవడం కాదు. అమెరికాలోని బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై 2010లో వచ్చిన అధ్యయనం చూడండి. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ అందినవాళ్లు మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు, అందనివాళ్లు 8.9 నెలలు.

మరి ఊళ్లో ఎవరిని అడగాలి? ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లలో ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ కేర్ కూడా ఉన్నాయి. ఏపీలో గ్రామ స్థాయి క్లినిక్‌లలో ఉండే ఎంఎల్‌హెచ్‌పీలు నర్సింగ్ చదివినవాళ్లే. కాగితం మీద ఉన్న సేవ గడప దాకా రావాలంటే ముందు అడగాలి. పుండు కట్టు మార్చడం, పక్కకి తిప్పడం ఇంట్లోవాళ్లకి నేర్పమని ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో అడగొచ్చు. పక్షవాతంతో మంచానికో, వీల్‌చెయిర్‌కో పరిమితమైతే 2024 జులై నుంచి రాష్ట్రంలో నెలకి 15,000 రూపాయల పింఛన్ ఉంది. మామూలు వృద్ధాప్య పింఛన్ 4,000 మాత్రమే. అర్హత ఉండి కూడా చిన్న పింఛనే తీసుకుంటుంటే సచివాలయంలో అడగండి. సందేహాలకి వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 14567.