కొవ్వు పంపెడు కబురు



నేను ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. నా తరగతిలో స్థూలకాయుడైన బాలు డొకడుండెడివాడు. నేనాతనిని పలుమారు “తిండిపోతా” యని పిలిచితిని, తక్కిన పిల్లలు నవ్విరి, ఆతడు తలవంచుకొనెను. ఆ మాట యెంత యన్యాయమో నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. దానిని మీకు విన్నవించుటకే యీ ప్రసంగము.

కొవ్వనగా దేహమున ఊరక పడియుండు పదార్థమని మనము తలంతుము. అది సరికాదు. కొవ్వు గాదె వంటిది. తనలో నిలువ యెంత యున్నదో ఆ గాదెయే యింటి యజమానికి కబురంపును. యజమాని మెదడు, కబురు లెప్టిన్ అను ప్రోటీను. ఇది కొవ్వు కణములలో పుట్టి, రక్తముతో ప్రవహించి, మెదడును జేరి, నిలువ చాలినంత యున్నదని తెలుపును, ఆకలి తగ్గును. నిలువ తరిగినచో కబురును తరుగును, ఆకలి హెచ్చును.

ఇది యెట్లు తెలిసినది? అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో, మితిమీరి తిని లావెక్కెడు చిట్టెలుకల జాతులు రెండు బయటపడినవి. డగ్లస్ కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు ఆ రెండు జాతులనుండి యొక్కొక్క యెలుకను దీసి, వాని దేహములను జతగా కుట్టి, ఒకదాని రక్తము రెండవదానిలోనికి పోవునట్లు చేసెను. మొదటి జాతి యెలుక తిండి మాని చిక్కిపోయెను. రెండవదానికి మార్పు లేదు. మొదటి జాతికి కబురే పుట్టదనియు, రెండవ జాతికి కబురు పుష్కలముగా నున్నను వినెడు చెవి లేదనియు 1973లో ఆతడు నిర్ణయించెను. 1994లో జెఫ్రీ ఫ్రీడ్మన్, ఆతని సహచరులు న్యూయార్కునందు ఆ కబురునకు మూలమైన జన్యువును కనుగొనిరి. గ్రీకు భాషలో సన్నదనమును దెలుపు పదమునుండి లెప్టిన్ అను పేరు వచ్చినది.

1997లో ఇంగ్లండున, ఒకే కుటుంబమునకు జెందిన యిద్దరు పిల్లలకు ఈ ప్రోటీను పుట్టుకనుండియు లోపించినదని తేలినది. వారిలో తొమ్మిదేండ్ల బాలికకు దానిని సూదిమందుగా నిచ్చిరి. ఆమె యాకలి అణగెను. ఏడాదిలో సుమారు 16 కిలోల బరువు తగ్గెనని 1999లో ప్రకటించిరి. ఆ బిడ్డ చేసిన తప్పేమి?

అయితే ఇట్టివారు మిక్కిలి అరుదు. సాధారణముగా స్థూలకాయుల రక్తములో లెప్టిన్ ఎక్కువగానే యుండును. నిత్యము మ్రోగెడు గంటకు చెవి యలవాటుపడినట్లు, మెదడు ఆ కబురును సరిగా లెక్కగొనదు. కనుకనే వారికి లెప్టిన్ సూదులు అంతగా ఉపకరింపలేదు.

మరియొక వింత వినుడు. కొందరికి చర్మము క్రింద కొవ్వు దాదాపు ఉండదు. గాదె లేనియింట ధాన్యము వసారాలో పోసినట్లు, వారి కొవ్వు కాలేయమునను కండలలోను చేరును. ఇన్సులిన్ పనికి అడ్డు కలిగి మధుమేహము పుట్టును. కబురు లేనందున ఆకలియు తీరదు. అట్టివారి కొరకు లెప్టిన్ వంటి మందునకు 2014లో అమెరికాలో అనుమతి లభించినది.

చరకసంహితలో స్థూలతకు కారణములుగా అతిభోజనము, వ్యాయామము లేకుండుట చెప్పబడినవి. వానితోబాటు బీజస్వభావము గూడ చెప్పబడినది. ఆ మాట చదివియు నేను తరగతిలో మరచితిని. మితాహారము, నడక యెవరికైనను మేలే. కాని యెగతాళి యెవరికిని ఔషధము కాదు. మీ యింట చిన్ననాటనే మితిమీరి లావగు బిడ్డ యున్నచో వైద్యునికి జూపుడు; అధికాకలి గలదా యని ప్రేమతో నడుగుడు. నేనాతనిని ఒక్కనాడైనను అట్లడుగలేదు.

సెలవు.