మిద్దె అమ్మాలంటే...

ఉగాదికి ఊరొచ్చి తాళం తీస్తే ముందు పలకరించేది గబ్బిలాల వాసన. పడసాల్లో ఓ మూల మట్టికుప్ప. తలెత్తితే కప్పులోంచి ఆకాశం. ఇక ఈ ఇల్లు అమ్మేద్దామన్న మాట చాలాసార్లు అక్కడే, ఆ చిల్లు కిందే వచ్చేస్తుంది.

అనంతపురం జిల్లా కుందుర్పి... కర్ణాటక సరిహద్దులో, కొండమీద పాతకోట ఉన్న మండల కేంద్రం. వాననూ వేరుశనగనూ నమ్ముకున్న నేల. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ పడాల్సినప్పుడు పడదు. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే పెట్టుబడి మట్టిపాలే. అందుకే ఈ పల్లెలకు బెంగళూరు వలస కొత్త కాదు. మొదట మగవాళ్లు నాలుగు నెలలకని వెళ్తారు. తర్వాత సంసారం కదులుతుంది. ఆఖరికి ముసలితల్లీ వెళ్తుంది. ఊళ్లో మిగిలేది మిద్దె.

మట్టిమిద్దెతో చిక్కేమిటంటే, మనుషులుంటేనే అది నిలుస్తుంది. రాతిగోడలు, దూలాలు, దంతెలు, వాటిపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. నీళ్లు కిందికి దిగకుండా వానలకు ముందు ఆ చౌడు తెచ్చి పరుచుకోవాలి. రెండేళ్లు మానేస్తే? కరవుసీమే అయినా ఒక్క పెద్దవాన చాలు! అమ్మదలచినవాళ్లు గోడలకు సున్నం కొట్టించడం కన్నా ముందు చూసుకోవాల్సింది కప్పు. ఇంకోమాట. కొనడానికొచ్చేవాళ్లలో కొందరికి కావాల్సింది ఇల్లు కాదు... దూలాలూ, వాకిలీ, బండలూ. వాళ్లు కట్టేది కలప ధరే. స్థలం ధర వేరుగా మాట్లాడుకోకపోతే నష్టపోయేది అమ్మేవాళ్లే.

ట్రంకుపెట్టెలో ఏముంది?

అసలు కథ కాగితాల దగ్గర మొదలవుతుంది. ఊరి మధ్య ఇళ్లున్న నేల గ్రామకంఠం. పొలానికున్నట్టు ఇంటింటికీ పట్టా ఉండదు. తాతల నాటి దస్తావేజు దొరికినా చెక్కుబందీలో ఉన్న పేర్ల వాళ్లెవరూ బతికుండరు. తూర్పున ఫలానా వారి దొడ్డి అని రాసి ఉంటుంది... ఆ దొడ్డి ఏదో చెప్పే ముసలాయన ఊళ్లో ఉండగానే కొలతలు వేయించుకోవడం తెలివైన పని. చాలామంది ఇంటిపన్ను రసీదు తీసి చూపిస్తారు. అది పన్ను కట్టారనడానికి రుజువేగానీ, హక్కుపత్రం కాదు. ఊళ్లలోని ఇళ్లను డ్రోన్లతో కొలిచి కార్డులిచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. ఆ కార్డు చేతికొచ్చినవాళ్లకు సగం తలనొప్పి తగ్గినట్టే.

ఈసీ తీయడం తప్పనిసరి. కానీ అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. దస్తావేజు ఎవరి దగ్గరో ఉంచి తెచ్చిన అప్పు అందులో కనిపించకపోవచ్చు. కరవు సీమలో అలాంటి అప్పు లేని ఇల్లెన్ని? బయానా పుచ్చుకునే ముందే ఆ లెక్క తేల్చుకోవాలి.

అక్కచెల్లెళ్ల సంతకం

అన్నిటికన్నా మాట్లాడటానికి ఇబ్బందిపడే విషయం ఇది. ఆడబిడ్డలకు పెళ్లిళ్లు చేశాంగా, చీరపెట్టి సంతకం పెట్టించుకుంటే సరి అనుకునే అన్నదమ్ములు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు చట్టమూ కొంత వాళ్లవైపే ఉండేది. మగవారసులు పంచుకోవాలనుకునేదాకా ఉంటున్న ఇంటిని పంచమని ఆడవారసులు అడగకూడదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్ చెప్పేది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణ ఆ సెక్షన్‌నే ఎత్తేసింది. ఉమ్మడి ఆస్తిలో కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదనీ 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఇక తండ్రి స్వార్జితమై, వీలునామా లేకుండా ఆయన పోతే, భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. అంటే అమ్మ సంతకమూ కావాల్సిందే!

వాటా వద్దనుకున్న చెల్లెలు నోటిమాటగా చెబితే చాలదు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి. లేదంటే అందరూ కలిసి కల్యాణదుర్గం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి అమ్మకపు దస్తావేజు మీదే సంతకాలు చేయాలి. బళ్లారిలో ఒకరు, బెంగళూరులో ఇద్దరు ఉంటే ఆ రోజు కుదుర్చుకోవడమే పెద్ద పని. ఇల్లు అమ్ముతున్నట్టు పక్కింటివాళ్ల నోట వినడం కన్నా అన్న నోట ముందే వింటే ఏ చెల్లెలైనా ఇంత పేచీ పెట్టదు.

స్టాంపు డ్యూటీ 5, బదలాయింపు పన్ను 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1... మొత్తం 7.5 శాతం. మామూలుగా ఇది కొన్నవాళ్ల మీదే పడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి తెల్లకాగితం మీద రాసుకుందామనే బేరం పల్లెల్లో వస్తూనే ఉంటుంది. 100 రూపాయలు, అంతకు మించిన ఇంటి అమ్మకం రిజిస్టరు కానిదే చెల్లదు. కరెంటు మీటరూ పంచాయతీ పన్నూ పాతపేరుతోనే మిగిలిపోతే ఆ బకాయిలూ వెంటాడతాయి.

సంతకాలకు ముందురోజు ఇల్లు ఖాళీ చేస్తారు. గుమ్మి ఎవరికో ఇచ్చేస్తారు. దేవుడి పటాలు సంచిలోకి వెళ్తాయి. పడసాల్లో నేలలో పాతిన రోలు దగ్గరే అందరూ ఆగుతారు. దస్తావేజులో దాని ఊసుండదు. అమ్మేమో తీసుకెళ్దామంటుంది. బెంగళూరు అద్దె ఇంట్లో, మూడో అంతస్తులో, దాన్నెక్కడ పెట్టాలో కొడుక్కి తోచదు.