సీరం ఐరన్ తక్కువ వస్తే ఇనుము లోపమేనా?

రిపోర్టులో సీరం ఐరన్ 40 అని, పక్కన ‘తక్కువ’ అని కనిపిస్తే చాలామంది నేరుగా మాత్రలు కొనేస్తారు. ఆ ఒక్క అంకె చూసి తొందరపడకూడదు.

సీరం అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే లేత పసుపు ద్రవం. పెద్దవాళ్ల ఒంట్లో ఇనుము మొత్తం 3–4 గ్రాములు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. సీరం పరీక్ష కొలిచేది దారిలో ఉన్న ఇనుమునే. 100 మిల్లీలీటర్లకు 100 మైక్రోగ్రాములు ఉందనుకుంటే, ఒంట్లోని మూడు లీటర్ల ద్రవంలో కలిపి 3 మిల్లీగ్రాములే! ఎముక మజ్జ రోజుకు 20 మిల్లీగ్రాములకు పైగా వాడుకుంటుంది. అంటే ఈ సరుకు రోజులో ఆరేడుసార్లు మారుతుంది. అందుకే అంకె పూటపూటకూ మారుతుంది.

మరి ఎప్పుడు ఇవ్వాలి రక్తం? సాధారణంగా ఉదయం, పరగడుపున. సర్కారు ఆస్పత్రిలో పెద్దలకిచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. అందులో కొంతే ఒంటపట్టినా, 3 మిల్లీగ్రాముల లెక్కను తారుమారు చేయగలదు. ముందురోజు నుంచే మాత్ర ఆపాలేమో డాక్టర్ని అడగండి.

ఇనుమును మోసే ప్రోటీన్ ట్రాన్స్‌ఫెరిన్. దీన్ని రెండు సీట్ల బండి అనుకోండి. టీఐబీసీ అంటే మొత్తం సీట్లు. ల్యాబ్‌లో ఇనుము ఎక్కువగా కలిపి సీట్లన్నీ నింపి, మిగిలింది తీసేసి లెక్కిస్తారు. నిండిన సీట్ల శాతమే శాచురేషన్. మామూలుగా 20 నుంచి 45.

ఇప్పుడు ఇద్దరిని చూద్దాం. ఇద్దరికీ ఐరన్ 40. ఒకరి టీఐబీసీ 480. శాచురేషన్ 8 శాతం. ఇనుము కరువై, కాలేయం బండ్లు పెంచిందన్నమాట. రెండోవారి టీఐబీసీ 200. శాచురేషన్ 20 శాతం. దీర్ఘకాలపు జబ్బు వల్ల ఒళ్లు ఇనుమును లోపలే దాచుకుని ఉండొచ్చు.

ఆ దాచుకున్నదాన్ని చెప్పేది ఫెరిటిన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపుంటే నిల్వలు అడుగంటినట్టే. కానీ ఇన్ఫెక్షన్, వాపు ఉంటే ఫెరిటిన్ పెరిగిపోతుంది. అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత 70. సీఆర్‌పీ పరీక్ష వాపును పట్టిస్తుంది.

లోపమని తేలితే మాత్రతో సరిపెట్టకండి. మగవారికి, ముట్లుడిగిన స్త్రీలకు ఇనుము తగ్గితే పేగుల్లో రక్తం పోతోందేమో చూడాలి. శాచురేషన్ 45 శాతం దాటితే ఇనుము పేరుకుపోతోందేమో డాక్టర్ పరీక్షిస్తారు. అప్పటిదాకా సొంతంగా ఐరన్ మాత్ర వేసుకోవద్దు.