సేద్యపు మోటారుబండి దూరయాత్ర

ఇంగ్లండునందు 1948వ సంవత్సరమున లాండ్‌రోవర్ అను మోటారుబండి వెలువడెను. యుద్ధానంతరము ఉక్కు కొఱతగా నుండుటచే దాని పైతొడుగును అల్యూమినియపు రేకులతో చేసిరి. నాలుగు చక్రములకును యంత్రబలము చేరును గనుక వెనుకచక్రములు బురదలో జాఱినను ముందుచక్రములు లాగును. ఇది సేద్యగాండ్రను దృష్టియందుంచుకొని చేసిన బండి.

1955 సెప్టెంబరు 1వ తేదీన ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములకు చెందిన ఆర్గురు యువకులు ఇట్టి బండ్లు రెండింటితో లండను విడిచిరి. మన దేశముగుండ అస్సాములోని లీడోకు చేరిరి. అచ్చటినుండి బర్మాకు పోవు యుద్ధకాలపు బాట పాడుపడి, కొన్నియెడల వంతెనలు కొట్టుకొనిపోయి యుండెను. వారును మనవలెనే అదను చూచి, వానలు లేని నెలలలో కదలి, ఏళ్లను దాటి, 1956 మార్చి 6వ తేదీన సింగపూరు చేరిరి.

సాదా యంత్రమునకు మరమ్మతు దారిలోనే చేసికొనవచ్చును. కాని కందెన ఎఱుగని బండి పొలిమేరయైనను దాటదు. సంఘపు ట్రాక్టరును, చమురుయంత్రమును వాడినవారే తుడిచి, మరలు బిగించి, చమురు చూచి మఱియొకరికి అప్పగింపవలెను. విత్తునాడు యంత్రము మొరాయించినచో దానిని బాగుచేయవచ్చును. తప్పిన అదనును ఎవరు తేగలరు?