చూపు పోయిన కంటికీ పగలు తెలుసు

1920ల్లో హార్వర్డ్‌లో క్లైడ్ కీలర్ అనే పరిశోధక విద్యార్థి దగ్గర పెరిగిన ఎలుకల్లో కొన్నింటికి రెటీనాలో దండ కణాలు లేవు. అవి గుడ్డివని ఆయన తేల్చుకున్నాడు. కానీ వెలుతురు పడగానే వాటి కంటిపాపలు ముడుచుకున్నాయి! చూడలేని కంటికి వెలుగు సంగతి ఎవరు చెప్పినట్టు? సరైన జవాబు దొరకడానికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది.

కాంతిని పట్టేవి దండ కణాలు, శంకు కణాలు అని మనం బడిలో చదువుకున్నాం. అవి పట్టిన సమాచారాన్ని మెదడుకు చేరవేసేవి గాంగ్లియాన్ కణాలు. మనిషి ఒక్కో కంట్లో ఇవి సుమారు 10 లక్షలుంటాయి. వీటి పొడవాటి తంతువులన్నీ కలిసిందే దృక్ నాడి. అన్నేళ్లూ శాస్త్రవేత్తలు ఈ కణాలను మోతగాళ్లుగానే చూశారు. 1999లో రసెల్ ఫోస్టర్ బృందం దండ, శంకు కణాలు రెండూ లేని ఎలుకలను పరీక్షించింది. అవి వెలుతురును బట్టి తమ జీవగడియారాన్ని చక్కగా సర్దుకున్నాయి. కళ్లు తీసేస్తే మాత్రం ఆ శక్తి పోయింది. అంటే వెలుగును పట్టేది కంట్లోనే ఉంది, అది మనకు తెలిసిన కణం మాత్రం కాదు.

ఆచూకీ కప్ప చర్మంలో దొరికింది. ఆఫ్రికా జాతి కప్ప ఒకదాని చర్మకణాలు కాంతికి స్పందిస్తాయి. వాటిలోంచి ఇగ్నాసియో ప్రొవెన్సియో బృందం 1998లో మెలనాప్సిన్ అనే కొత్త ప్రోటీన్‌ను గుర్తించింది. రెండేళ్లకు అదే ప్రోటీన్ మనిషి రెటీనాలోనూ కనిపించింది. 2002లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బర్సన్ బృందం ఎలుక మెదడులోని గడియార కేంద్రం నుంచి వెనక్కి రంగుజాడ పట్టుకుని, దానికి తంతువులు పంపుతున్న గాంగ్లియాన్ కణాలను గుర్తించింది. మిగతా కణాల నుంచి వాటికి ఏ కబురూ అందకుండా మందులతో అడ్డుకుని దీపం వెలిగిస్తే, అవి వాటంతట అవే సంకేతాలు పంపాయి. నా దృష్టిలో ఇటీవలి జీవశాస్త్రంలో ఇంత నిక్కచ్చి అయిన ప్రయోగాలు అరుదు.

లోపల జరిగేది ఇంకా ఆసక్తికరం. మెలనాప్సిన్‌లో విటమిన్ ఏ నుంచి తయారైన రెటినాల్ అనే చిన్న అణువు ఒదిగి ఉంటుంది. కాంతి తగిలితే వంపు తిరిగిన ఆ అణువు నిటారుగా సాగుతుంది. ఇది దండ కణంలోనూ జరిగేదే. తేడా ఆ తరువాత మొదలవుతుంది. దండ కణంలో చీకట్లో తెరిచి ఉండే అయాన్ ద్వారాలు వెలుగు పడితే మూసుకుంటాయి. ఇక్కడ తీరు తలకిందులు. సాగిన రెటినాల్ వల్ల మెలనాప్సిన్ ఒక జి-ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది, అది ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైమును కదిలిస్తుంది. ఆ ఎంజైము కణపొరలోని ఒక కొవ్వు పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. దాంతో ద్వారాలు తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికి దూసుకొస్తాయి. కణంలో విద్యుత్ పీడనం పెరిగి, నాడీ సంకేతాలు వరసగా బయలుదేరతాయి. ఈగ కన్ను పనిచేసేదీ దాదాపు ఇలాగే. మన కంట్లో ఈగ పద్ధతి ఒకటి దాగి ఉందన్నమాట.

ఈ కణాలు నెమ్మదివి. మెలనాప్సిన్ తక్కువగా ఉండటంతో మసక వెలుతురును పట్టించుకోవు. స్పందన మెల్లగా మొదలై, దీపం ఆర్పాక కూడా చాలా సెకన్లు సాగుతుంది. ఎగిరే బంతిని చూడటానికి ఇవి పనికిరావు. కానీ వీటి పని చెరువులో చేపలను వెతకడం కాదు, నీటిమట్టం కొలవడం. 480 నానోమీటర్ల దగ్గరి నీలికాంతికి బాగా స్పందించే ఈ కణాలు బయట వెలుతురు ఎంత ఉందో హైపోథాలమస్‌లోని గడియార కేంద్రానికి చెబుతుంటాయి. మనిషి గడియారం సగటున 24 గంటల కన్నా కాస్త ఎక్కువ సేపు నడుస్తుంది, రోజూ దాన్ని సరిచేసేది ఈ సమాచారమే. కంటిపాప ముడుచుకోవడంలోనూ, రాత్రి వెలుతురు పడితే నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గడంలోనూ వీటిదే ముఖ్యపాత్ర. మామూలు కంట్లో దండ, శంకు కణాల సమాచారం కూడా గడియారానికి చేరేది వీటి మీదుగానే.

చూపులేని మనుషుల సంగతి? 1995లో చార్లెస్ సైజ్లర్ బృందం పరీక్షించిన వారిలో కొందరికి కాంతి వల్ల మెలటోనిన్ తగ్గింది. 2007లో వెలువడిన మరో పరిశోధనలో దండ, శంకు కణాలు దెబ్బతిని చూపు పోయిన 87 ఏళ్ల స్త్రీ, రెండు విడతల్లో ఏ విడతలో దీపం వెలిగిందో చెప్పగలిగింది. అదీ నీలికాంతికి మాత్రమే!

అందరికీ ఇది వర్తించదు. గ్లాకోమాలో గాంగ్లియాన్ కణాలే చస్తాయి. రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి జబ్బుల్లో మాత్రం అవి మిగిలి ఉండవచ్చు. కాబట్టి చూపు లేని మనిషి ఇంట్లో ఉంటే, 'ఎలాగూ కనబడదుగా' అని చీకటి గదిలో కూర్చోబెట్టకండి, పగలు ఆరుబయట వెలుతురులో కాసేపు ఉండనివ్వండి. చూపు లేని కన్ను తీసేయాలన్న మాట వస్తే, అది ఇంకా వెలుగును పట్టగలదేమో ముందు కంటి వైద్యుణ్ణి అడగండి.