నోరు విప్పని బాధ

స్త్రీ శరీరంలో కలిగే మార్పులలో కొన్నిటికి మన ఇండ్లలో వేడుకలున్నవి. పిల్ల పెద్దమనిషైతే పేరంటం చేస్తారు. కానుపైతే పథ్యం పెడతారు. ముట్లుడిగిన తరువాత మొదలయ్యే మార్పులను మాత్రం ఎవరూ పలుకరించరు. యోని తడియారి పొడిబారడం అట్టి మార్పులలో ఒకటి. మంట, దురద, మూత్రవిసర్జనలో చురుకు, దాంపత్యంలో నొప్పి దీని లక్షణాలు. ముట్లుడిగిన స్త్రీలలో ఇంచుమించు సగంమందికి ఇది ఏదో ఒక మేరకు కలుగుతుంది. అయినా వైద్యుని యెదుట చెప్పుకొనేవారు కొద్దిమందే.

ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఇది కేవలం శరీరధర్మం. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే రసాన్ని రక్తంలోకి విడుస్తవి. దాని బలంవల్లనే యోని లోపలిపొర మందంగా, మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. ఆ పొరలోని కణాలు గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని నిలువచేస్తవి. లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు దానితో బ్రతుకుతూ లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టిస్తవి. పాలను పెరుగుగా మార్చే సూక్ష్మజీవులు వీటికి దగ్గరి చుట్టాలే. జర్మన్ వైద్యుడు డోడర్లైన్ వీటిని 1892లోనే వర్ణించాడు. ఆ పులుపు, అనగా సుమారు 3.8 నుంచి 4.5 వరకు ఉండే పి.హెచ్., హానికర క్రిములను దరిచేరనీయదు. ఈస్ట్రోజెన్ తగ్గితే పొర పలుచబడుతుంది, రక్తప్రసారం మందగిస్తుంది, ఊట తగ్గుతుంది, పులుపు విరుగుతుంది. మూత్రమార్గానికి కూడ ఈ రసమే ఆధారం కాబట్టి అక్కడా మంట, క్రిమిదోషం మాటిమాటికి తలయెత్తుతవి. ముట్లుడిగినప్పుడు వచ్చే ఒంటి ఆవిరులు కాలక్రమాన చల్లారవచ్చు గాని, ఈ పొడిదనం చికిత్స లేనిదే సాధారణంగా తగ్గదు.

వయస్సొక్కటే కారణం కాదు. పాలిచ్చే బాలింతలో ఈస్ట్రోజెన్ తగ్గి ఉండడంవల్ల ఇది కొన్నాళ్లు కనిపించి పోతుంది. జలుబుకు, దద్దుర్లకు వాడే కొన్ని మందులు, రొమ్ము కాన్సరుకు చేసే చికిత్సలు, మధుమేహం, పొగత్రాగడం కూడ కారణాలే. శుభ్రత పేరిట సబ్బుతో, క్రిమిసంహారక ద్రావకాలతో లోపల కడగడం మేలుకు బదులు కీడే చేస్తుంది. దాంపత్యంలో భయము, తొందరపాటు ఉన్నచోట కూడ తడి ఊరదు.

మన ప్రాంతానికి సంబంధించిన మరొక కారణం కలదు. ముట్లుడగడం మన దేశంలో సగటున 46 ఏళ్ల ప్రాంతాన జరుగుతుంది. శస్త్రచికిత్స దానిని ఎంతో ముందుకు తెస్తుంది. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది. కిన్నెరసాని ఒడ్డున, అడవి అంచున ఉన్న పాల్వంచవంటి చోట నాట్లు వేసి, మిరపకాయలు ఏరి, వేసవిలో తునికాకు కోసే స్త్రీకి ఒక్కరోజు పడుకొంటే ఆనాటి కూలి పోతుంది. తెల్లబట్టకో, అధిక రక్తస్రావానికో విసిగి, కాన్సరు వస్తుందేమోనన్న భయం తోడై, “పిల్లలు పుట్టారు గదా, సంచి తీయించుకొంటే పీడ పోతుంది” అనుకొనేవారు ఉన్నారు. గర్భసంచితోబాటు రెండు అండాశయాలను తీసివేస్తే, వయస్సు ముప్పై అయినా, ముట్లుడిగిన స్థితి కొద్దిరోజులలోనే వచ్చిపడుతుంది. అండాశయాలను విడిచిపెట్టినా అవి సహజకాలంకంటె కొంత ముందుగా ఉడిగే అవకాశం ఉన్నది.

అవసరమైనచోట ఈ ఆపరేషను ప్రాణం నిలుపుతుంది; ఆ మాట మరువరాదు. కాని సంతకం చేయడానికి ముందు మూడు ప్రశ్నలు అడగడం స్త్రీ హక్కు. మందులతో నయం కాదా? అండాశయాలను ఉంచుతారా, తీస్తారా? తీస్తే తరువాతి చికిత్స ఏమిటి? అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది.

పొడిదనానికి చికిత్స కష్టమైనది కాదు. తేమనిచ్చే లేపనాలు, దాంపత్యవేళ జారుడునిచ్చే జిగురుద్రవాలు మందుల షాపులలో దొరుకుతవి. అవి చాలకపోతే యోనిలో వాడే స్వల్పమోతాదు ఈస్ట్రోజెన్ మందును వైద్యులు వ్రాస్తారు. రొమ్ము కాన్సరు వచ్చినవారు మాత్రం తమ కాన్సరు వైద్యుని అడగనిదే దానిని వాడరాదు. ముట్లుడిగిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయక పరీక్ష చేయించుకోవాలి.

ఉపాధ్యాయులు తరగతిలో రజస్వల కావడాన్ని గూర్చి చెప్పేటప్పుడు ముట్లుడగడాన్ని గూర్చి కూడ నాలుగు మాటలు చెప్పవచ్చు. మాటిమాటికి మూత్రపుమంట అని మూలిగే అమ్మమ్మకు నీళ్లు తక్కువ త్రాగడమొక్కటే కారణం కాకపోవచ్చునని, ఆశా కార్యకర్తతోనో డాక్టరమ్మతోనో చెప్పుకోవచ్చునని ఆ పిల్ల ఇంటికి పోయి చెబితే, ఏండ్లతరబడి మూసుకొన్న నోరు ఒకటి తెరుచుకొంటుంది.