ఎదను గుర్తించిననే దూడ, దూడ పుట్టిననే పాడి

ఇంటి ముందు రెండు గేదెలను కట్టుకొని, పాలు కేంద్రమునకు పోసి, ఆ డబ్బుతో ఇల్లు గడుపుకొను కుటుంబములు మన పల్లెలలో అనేకము కలవు. సేద్యము ఒక ఏడు కలిసివచ్చును, ఒక ఏడు రాదు. పాల డబ్బు మాత్రము ఏడాది పొడుగునా చేతికందుచుండును. అయితే ఈనిననే గేదె పాలిచ్చును. సకాలమున చూడి కట్టని గేదె మేత తినును గాని చెంబు నింపదు. రెండింటిలో ఒకటి వట్టిగా నిలిచినచో ఆ ఇంటి పాల రాబడి సగము పడిపోయినట్లే. మంచి పాలసార గల గేదెలు సైతము ఈ కారణముననే సంతకు పోవుచున్నవి.

ఆంబోతు నుండి ఎద సూది వరకు

పూర్వము పెద్దల పేర అచ్చువేసి వదలిన ఆంబోతులే ఊరి మందకు ఆధారము. మన దేశమున 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారములో కృత్రిమ గర్భధారణ ప్రారంభమైనది. మొదటి పంచవర్ష ప్రణాళికా కాలమున (1951–56) కీ విలేజి పథకము దీనిని గ్రామములకు తెచ్చినది. ఆనాటి ద్రవ వీర్యము కొద్ది రోజులే నిలువ ఉండెడిది. వీర్యమును గడ్డకట్టించునపుడు గ్లిజరిన్ దానిని కాపాడునని 1949లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కనుగొన్న పిమ్మట మార్గము సుగమమైనది. నేడు మైనస్ 196 డిగ్రీల చల్లదనము గల ద్రవ నత్రజనిలో వీర్యపు గొట్టములు ఏండ్ల తరబడి చెడకుండ ఉండును. మేలుజాతి దున్నపోతును పోషించలేని చిన్న రైతు గేదెకు కూడ ఆ జాతి దూడ పుట్టు వీలు కలిగినది.

నాటు గేదెకు ముర్రా సూది వేయించిన, మొదటి తరము పెయ్యలో ముర్రా రక్తము సగము ఉండును. ఆ పెయ్యకు మరల ముర్రా సూది వేయించిన నాలుగింట మూడు వంతులు, మూడవ తరమున ఎనిమిదింట ఏడు వంతులు అగును. ఇట్లు మంద బాగుపడుట తరముల పని. ఒక్కొక్క తరము ఎంత ఆలస్యమగునో, మేలుజాతి పాడి అంత దూరమగును.

లోపము ఎక్కడ?

“మూడుసార్లు సూది వేయించితిని, కట్టలేదు. సూదిలో బలము లేదు” అని కొందరు రైతులు విసుగు చెంది ఊరి దున్నను వెదకుకొందురు. గొట్టమును సరిగా నిలువ చేయకపోవుట, వేయువాని చేతివాటము తప్పుట వలన సూది వ్యర్థమగుట కలదు. కాని తరచుగా కనబడు లోపము సమయము దాటిపోవుట. ఎద సాధారణముగా ఒక రోజుకు మించి నిలువదు. ఎద ముగిసిన సుమారు 10 నుండి 14 గంటలకు అండము విడుదల అగును. వీర్యము అప్పటికి సిద్ధముగా ఉండవలెను. కావుననే ఉదయము ఎద కనబడిన పశువునకు ఆ సాయంత్రము, సాయంత్రము కనబడినదానికి మరునాటి ఉదయము సూది వేయించవలెనని నియమము ఏర్పడినది.

గేదె ఎద మూగ ఎద

ఆవు ఎదకు వచ్చిన ఊరంతటికి తెలియును. తోటి పశువులపై ఎక్కును, అరచును. గేదె అట్లు కాదు. దాని లక్షణములు పలుచగా, తరచు రాత్రివేళలోను, తెల్లవారుజామునను కనబడును. ఈ క్రింది గుర్తులను గమనించవలెను:

1. మాటిమాటికి కొంచెము కొంచెముగా మూత్రము పోయును.
2. మానము ఉబ్బి, లోపల ఎర్రబారును.
3. పండుకొని ఉన్నపుడు తెల్లని జిగురు తీగ నేలపై కనబడును. నిలుచున్నపుడు కనబడకపోవచ్చును.
4. మేత తగ్గించును. పాలు సరిగా చేపదు.
5. కొన్ని గేదెలు ఆగి ఆగి అరచును.

ఈ గుర్తులు వేసవిలో మరింత మందగించును, చలికాలమున స్పష్టపడును. వేసవిలో నీడ, చెరువు లేక నీటి తడుపు, పచ్చిమేత కల్పించిన మేలు జరుగును. తెల్లవారుజామున పాలు పితుకుటకు ముందు, రాత్రి పండుకొనుటకు ముందు కొట్టములో ఒకసారి చూచుట అలవరచుకొనవలెను.

చూచునది ఎవరు, కబురు పంపునది ఎవరు?

చాల ఇండ్లలో పాలు పితుకునది, పేడ తీయునది, కుడితి పెట్టునది ఇల్లాలు. గేదె పాలు చేపకపోయినను, నేలపై తీగ కనబడినను ముందు ఎరుగునది ఆమెయే. కాని శిక్షణ తరగతులకు పోవునది, గోపాలమిత్రకో పశువైద్యశాలకో ఫోను చేయునది మగవాడు. ఆయన పొలము నుండి వచ్చి కబురు పంపునప్పటికి ఎద దాటిపోవుచున్నది. ఎద గుర్తులు ఇంటి ఆడవారికి నేర్పి, ఫోను నంబరు కొట్టపు గోడపై వ్రాసి, కబురు పంపు బాధ్యతను కూడ వారికే అప్పగించవలెను. దీనికి పైసా ఖర్చు లేదు.

సూది వేయించునపుడు

పశువును ఎండలో పరుగెత్తించి తీసుకొనిపోరాదు. గొట్టమును నత్రజని నుండి తీసిన వెంటనే 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషము ఉంచి కరగించుట పద్ధతి. గొట్టముపై ముద్రించిన ఆబోతు లేక దున్న నంబరును, తేదీని, పశువు చెవిపోగుపై గల 12 అంకెల సంఖ్యను పుస్తకమున వ్రాసుకొనవలెను. ఆ నంబరు తెలియనిచో తండ్రి వీర్యమే కూతురికి వేయించు ప్రమాదము కలదు. పిమ్మట 21వ రోజు ప్రాంతమున మరల ఎద వచ్చునేమో కనిపెట్టి ఉండవలెను. రానంత మాత్రమున చూడి అని నమ్మరాదు. 2, 3 నెలలకు పరీక్ష చేయించవలెను. మూడుసార్లు తిరగపొర్లిన పశువునకు నాలుగవ సూదికి ముందు గర్భకోశ పరీక్ష చేయించుట ఉత్తమము. నట్టల మందు, రోజూ లవణ మిశ్రమము లేని పశువు ఎదకు రాదు. వచ్చినను కట్టుట కష్టము.

పెయ్యదూడల సూది

లింగ నిర్ధారిత వీర్యము ఇపుడు అందుబాటులోనికి వచ్చినది. దీనివలన చూడి కట్టిన పశువులలో సుమారు 90 శాతము పెయ్యలనే ఈనును. కాని ఇందులో వీర్యకణముల సంఖ్య తక్కువ. చూడి కట్టు పాలు కొంత తగ్గును. కావున ఆరోగ్యముగల, ఎద స్పష్టముగా కనబడిన పశువులకే వాడవలెను. సమయము తప్పినచో ఈ ఖరీదైన సూది మరింత నష్టమే.

ఒక చిన్న లెక్క

గేదె చూడి కాలము సుమారు 310 రోజులు. ఈనిన 90 రోజులకు కట్టినచో, 400 రోజులకు, అనగా 13 నెలలకు, మరల ఈనును. ఒక ఎద తప్పిన 21 రోజులు, మూడు తప్పిన 63 రోజులు వెనుకబడును. ఆ రెండు నెలల మేత రైతు చేతి నుండి పోవును. రావలసిన పాలు అంత ఆలస్యమగును. రెండు గేదెల రైతునకు ఇది చిన్న నష్టము కాదు.

మేలుజాతి వీర్యము మన గ్రామము వరకు వచ్చినది. కొట్టములో గేదె ఎదను సకాలమున కనిపెట్టుట మాత్రము మన ఇంటివారి పని. పాడి రైతు సోదరులు, సోదరీమణులు నేటినుండే గోడకు ఒక పట్టిక తగిలించి, ఈనిన తేదీ, ఎద తేదీ, సూది తేదీ వ్రాయ నారంభింతురు గాక!